నీ పేరు మీద తిరిగిన బిల్డు

అద్దె గది,
జూన్, ఆదివారం మధ్యాహ్నం

ఒసేయ్ పొడుగూ,

నీ ఫోను మోగి మోగి ఆగిపోతోంది. నిన్న మీ పిన్ని తీసి, "అది ఎవరితోనూ మాట్లాడనంటోందమ్మా. కావాలంటే ఉత్తరం రాయమను, చదువుతానంది" అని పెట్టేసింది. ఉత్తరమట! హాస్టల్లో పక్క మంచం మీద పడుకున్న మనిషికి ఇప్పుడు కవరూ, స్టాంపూ. సరేలే, వాగడానికి కాగితమైతేనేం. అప్పట్లో ఊరికే పిచ్చుక అని పేరు పెట్టావా నాకు?

నిన్ను ఇంటికి పంపేశాక ఆఫీసు ఏం బాగాలేదు. నీ కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు. కాఫీ మెషిన్ దగ్గర నలుగురు చేరి గుసగుసలాడుకుంటారు, నన్ను చూడగానే వాతావరణం గురించి మొదలుపెడతారు. మనిద్దరం ఒకటని అందరికీ తెలుసు కదా.

మొన్న మన కళ్ళజోడు మేనేజరు పైవాళ్ళకి బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. మనలో ఎవరు కోడు మార్చినా బిల్డు మెషిన్లు వాటంతటవే లేచి, దాన్ని కూర్చి, పరీక్షించి, ఆసుపత్రులకి పంపడానికి సిద్ధం చేస్తాయి. చివర్లో కొత్త వెర్షన్ నంబరు ఒక ఫైల్లో రాసి, ఆ ఫైలుని మెషినే మన కోడులో కమిట్ చేస్తుంది. అంటే మార్పుని నమోదు చేస్తుంది. ఆ సెలవుల్లో ఏమైందంటే, తను చేసిన కమిట్‌నే చూసి, ఎవరో కోడు మార్చారనుకుని మెషిన్ మళ్ళీ లేచింది. మళ్ళీ బిల్డు, మళ్ళీ నంబరు, మళ్ళీ కమిట్. దాన్ని చూసి మళ్ళీ. దానికి అలుపా సొలుపా? సెలవులు అయ్యేదాకా అదే పని. ప్రతి కమిట్ మీదా నీ పేరు. సెలవులకి ముందు లేబుళ్ళ టీం వాళ్ళు పెట్టిన దిద్దుబాటు ఆ వరస వెనకాల చిక్కుకుపోయింది. ఆసుపత్రుల్లో మన ప్రోగ్రాం అచ్చేసే లేబుల్లో, పిల్లల మందు సీసా మీద సగం చెంచా అని పడాల్సినచోట చెంచా అని పడుతోందని కనిపెట్టి సరిచేశారు పాపం. అదే గనక వెళ్ళి ఉంటే ఆ పాపకి

సరే, అదంతా నీకు తెలిసిందే. నేను చెప్పేదేమంటే, యంత్రానికి పిచ్చెక్కింది, అంతే. దానికి నువ్వెందుకు కుమిలిపోవాలి? నన్నూ చీవాట్లు పెట్టారులే. "బిల్డు మెషిన్లని నడిపే ఫైల్లో మార్పుని సరిచూసినచోట నీ పేరుంది, కళ్ళెక్కడ పెట్టుకున్నావమ్మా?" అన్నాడు కళ్ళజోడు. పైపైన చూశానండీ అన్నాను. అక్కడితో వదిలేశాడు.

నిన్ను సంజాయిషీ రాసివ్వమన్నారని విన్నాను. తొందరపడి ఏమీ రాయకు. కొన్నాళ్ళు పోతే వేడి చల్లారుతుంది. మీ పిన్ని చేతి కింద హాయిగా విశ్రాంతి తీసుకో.

నీ
పిచ్చుక


కుట్టు దుకాణం మేడ మీద,
జూన్ నెలాఖరు

పిచ్చుకా,

ఉత్తరం అందింది. విశ్రాంతి ఏమీ లేదు. బడి యూనిఫారాల కాలం. కింద పిన్ని, మరో ఇద్దరు ఆడవాళ్ళు పొద్దున్నుంచి మిషన్లు తొక్కుతూనే ఉంటారు. నేను కాజాలు కుడుతున్నాను. మొదట్లో వంకరగా వచ్చేవి, పిన్ని ఏమీ అనకుండా విప్పి నా ముందు పడేసేది.

ఆ పాప ఎలా ఉంది? అన్ని పేజీలు రాశావు. పాప దగ్గరికొచ్చేసరికి వాక్యం సగంలో వదిలేశావు.

ఇంకో సంగతి. మెషిన్ కమిట్ చెయ్యడానికి దాని సొంత టోకెన్ దానికి ఉంది. టోకెన్ అంటే సంతకం లాంటిదని పిన్నికి చెప్పాను, అర్థమైంది. మెషిన్ తన సంతకంతో చేసిన కమిట్‌కి బిల్డు మళ్ళీ లేవదు. ఇలాంటివి జరక్కూడదనే ఆ ఏర్పాటు. మరి నా టోకెన్ అక్కడికెలా వచ్చింది? ఆ కమిట్ వివరంలో "దీనికి బిల్డు వద్దు" అనే గుర్తు కూడా ఉండేది. దాన్ని ఎవరు తీసేశారు? బిల్డు ఫైలు సంగతి నీకు తెలిసినంతగా మన ఆఫీసులో ఎవరికీ తెలియదు. చూసి రాయి.

సెలవులకి ముందు సాయంత్రం నేను బస్సుకని ముందే వచ్చేశాను. నా కంప్యూటరు తెరిచే వదిలేసినట్టు గుర్తు.

కళ్ళజోడు అందరి ముందూ నన్ను అడిగినప్పుడు నాకు తెలియదనే చెప్పాను. నువ్వు నా ఎదురుగానే కూర్చున్నావు.

పొడుగు


అద్దె గది,
జూలై

పొడుగూ,

పాప బాగుంది! మొదటే రాయాల్సింది, బుద్ధిలేదు నాకు. నిన్న ఆ ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసే ఆమె మన ఆఫీసుకి వచ్చింది. తెల్లకోటు మడిచి చేతిలో పట్టుకుని రిసెప్షన్‌లో కూర్చుంది. నేనే మంచినీళ్ళిచ్చాను. మొదటి మోతాదు పడ్డాక పాప వాంతులు చేసుకుని మగతగా అయిపోయిందట. వాళ్ళమ్మ సీసా పట్టుకుని పరిగెత్తుకొచ్చిందట. కొన్నాళ్ళు వార్డులో కనిపెట్టుకుని చూసి, ఇంటికి పంపేశారు. ఇప్పుడు ఆడుకుంటోందట. "రెండో మోతాదు కూడా పడి ఉంటే మాత్రం..." అని ఆమె ఆగిపోయింది. నేను గ్లాసు తీసుకుని లోపలికొచ్చేశాను.

నువ్వడిగిన వాటి సంగతి. చూశాను. ఎవరో టోకెన్ మార్చినట్టుంది, గుర్తు కూడా తీసేసినట్టుంది. ఎందుకంటే మెషిన్ సొంత టోకెన్‌తో కమిట్ చేస్తే ఆ తర్వాత జరగాల్సిన పంపిణీ, అంటే ఆసుపత్రులకి పంపడం, కూడా లేవదు. అది లేవడం కోసం ఎవరో అలా చేసి ఉండొచ్చు. చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండి ఉండదు. హడావిడిలో అలాంటివి జరుగుతుంటాయి. ఎవరు ఏం చేశారో రాసుండే లాగ్‌లన్నీ ఆ కమిట్ల కింద కూరుకుపోయాయి, వెనక్కి వెళ్ళి వెతకడం కూడా కష్టమే.

ఇకమీదట అలా జరక్కుండా నన్నే సరిచెయ్యమన్నారు. చేశాను. మెషిన్‌కి దాని టోకెన్ దానికి ఇచ్చేశాను. బిల్డు వద్దన్న గుర్తు తిరిగి పెట్టాను. బిల్డు మొదలయ్యేచోటే ఒక కాపలా కూడా పెట్టాను: ఆఖరి కమిట్ చేసింది మెషినే అయితే లేవకుండా మళ్ళీ పడుకుంటుంది. వెర్షన్ ఫైలు తప్ప ఇంకేమీ మారకపోయినా అంతే. పంపిణీని విడిగా, దాని పేరు పెట్టి పిలిస్తేనే కదిలేటట్టు చేశాను. ఒకటి తప్పినా ఇంకొకటి పట్టుకుంటుంది. ముందే చెయ్యాల్సిన పని, నిజానికి ఒక మధ్యాహ్నం పని.

సమావేశంలో చూపించాను. కళ్ళజోడు లేచి నిలబడి, "ఇదీ పని అంటే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బిల్డు మెషిన్లన్నీ ఇక నా చేతికే ఇస్తారట. నీకు చెప్పకుండా ఉండలేక చెబుతున్నానే గానీ, నాకేం సంతోషంగా లేదు. చప్పట్లు కొడుతున్నంతసేపూ పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాను.

మీ పిన్నికి నా నమస్కారాలు చెప్పు. కాజాలు బాగా వస్తున్నాయా?

పిచ్చుక


కుట్టు దుకాణం మేడ మీద,
జూలై

పిచ్చుకా,

పాప ఇంటికి వెళ్ళిందని తెలుసు. ఎలా తెలుసో తర్వాత రాస్తాను.

నువ్వు చేసిన ఏర్పాట్లు చదివాను. బాగున్నాయి. నీ పని ఎప్పుడూ బాగుంటుంది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక పిన్ని అడిగింది, అసలేమైందే మీ ఆఫీసులో అని. చెప్పాను. "అంటే, చొక్కాకి చీటీ కుట్టగానే, ఇదేదో కొత్త చొక్కా అనుకుని మళ్ళీ మిషన్ మీదికి ఎక్కించి ఇంకో చీటీ కుట్టినట్టు, అంతేనా?" అంది. అంతే పిన్నీ అన్నాను. తెగ నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "మరి నీకేం సంబంధం?" అంది. చీటీల మీద ఉన్నది నా పేరు అన్నాను. "పేరుంటే? కుట్టింది నువ్వా?" అని నా మొహంలోకి చూసింది. నేను లేచి కంచాలు తీశాను.

ఆఫీసు నుంచి మళ్ళీ కాగితం వచ్చింది. ఈ నెలాఖరులోగా సంజాయిషీ ఇవ్వకపోతే వాళ్ళే ఒక నిర్ణయానికి వస్తారట. రాసేశాను. "నా పేరు, నా టోకెన్, కాబట్టి బాధ్యత నాది. రాజీనామా చేస్తున్నాను" అని. క్లుప్తంగానే రాశాను. కవరు అంటించలేదు.

నువ్వు చెప్పు. పంపనా?

పొడుగు


అద్దె గది,
జూలై, అదే వారం

పొడుగూ,

పంపకు.

ఈ ఒక్క మాట రాసి కవర్లో పెట్టి పోస్టు డబ్బా దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. అది వేసేసి ఉంటే నువ్వు ఎందుకని అడిగేదానివి, నేను ఇంకో నాలుగు పేజీలు వాగేదాన్ని.

నేనే చేశాను. ఎవరో కాదు. ఆ సాయంత్రం పంపిణీ లేవడం లేదని కళ్ళజోడు నా వెనకాలే తిరుగుతున్నాడు. సెలవులకి ముందే వెళ్ళిపోవాలన్నాడు. నా కంప్యూటరు ఏదో అప్‌డేట్ అంటూ గుడ్లగూబలా నా వైపే చూస్తూ కూర్చుంది. నీకు ఫోన్ చేశాను. నువ్వు బస్టాండులో ఉన్నావు, వెనక హారన్లు. "నీ కంప్యూటరు మీద చిన్న పని చేసుకోనా?" అంటే, "తెరిచే ఉంది, కానిచ్చెయ్" అన్నావు. నీ కుర్చీలో కూర్చున్నాను. నీ టోకెన్ అక్కడే ఉంది. మెషిన్ టోకెన్ తీసి అది పెట్టాను. బిల్డు వద్దన్న గుర్తు ఉంటే ఏమీ లేవదు కదా అని అదీ తీసేశాను. ఒక్కసారి లేచి పంపిణీ చేసి పడుకుంటుందనుకున్నాను. పంపిణీతో పాటు బిల్డు కూడా లేస్తుందని తట్టలేదు. వెర్షన్ ఫైల్లో ప్రతిసారీ తయారైన సమయం కూడా పడుతుంది, కాబట్టి ఎన్నిసార్లు చేసినా అది "మారిన" ఫైలే. ఇదంతా నాకు తెలియనిదా? నేనే కదా అందరికీ నేర్పింది.

నా దాని అప్‌డేట్ అయ్యాక నా కుర్చీలోకి వెళ్ళి, నా పేరుతో తెరిచి, "సరిచూశాను" అని నొక్కాను. రాసిన చెయ్యీ నాదే, సరిచూసిన చెయ్యీ నాదే. మధ్యలో నీ పేరు.

ఇక్కడిదాకా అయితే పొరపాటే అనుకోవచ్చు. అసలుది ఇంకా రాయలేదు.

సెలవుల మొదటి రోజు మా అక్కావాళ్ళతో చెరువుకి వెళ్ళాను. పడవెక్కబోతుంటే ఫోను గుర్రుమంది. బిల్డు పూర్తయిందని. చూసి జేబులో పెట్టుకున్నాను. మళ్ళీ గుర్రుమంది. మళ్ళీ. ప్రతిదాని మీదా నీ పేరు. "ఎవరే అంతలా?" అంది మా అక్క. "ఆఫీసు" అన్నాను. పొడుగూ, నాకు అర్థమైంది. రెండోసారికే అర్థమైంది. అక్కడే గట్టు మీద కూర్చుని ఫోనులోంచే ఆపెయ్యొచ్చు. కానీ ఆపితే, ఆపింది ఫలానా అని నా పేరు పడుతుంది. ఎందుకు మొదలైందని అడుగుతారు. ఏముందిలే, ఉత్త మెషిన్లే కదా తిరుగుతున్నాయి, తిరగనీ, సెలవులయ్యాక చూద్దాం అనుకుని ఫోను నోరు నొక్కి సంచిలో పడేశాను. పడవెక్కాను. ఫోటోలు కూడా దిగాను. ఆ వరస వెనకాల ఇంకెవరి పనైనా ఆగిపోతుందేమో అన్న ఆలోచనే రాలేదు. రానివ్వలేదు.

ఆ పాపకి మందు పోసింది ఆ మర్నాడట.

సమావేశంలో నువ్వు నా వంకే చూశావు. నేను బల్ల మీద గీతలు చూస్తున్నాను. చెబుదామనే అనుకున్నాను. కళ్ళజోడు "సరిచూసింది నువ్వే కదా" అన్నప్పుడు చిన్న తప్పు ఒప్పేసుకున్నాను. చిన్నది ఒప్పుకుంటే పెద్దది అడగరని అప్పటికప్పుడు ఎలా తట్టిందో నాకే తెలియదు. గదిలో అద్దం గోడ వైపు తిప్పి పెట్టాను.

నన్ను ఏమన్నా అను.

పిచ్చుక


కుట్టు దుకాణం మేడ మీద,
ఆగస్టు

పిచ్చుకా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయబుద్ధి కాలేదు.

నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. నా కంప్యూటరు ముందు కూర్చున్నది నువ్వు, ఇంకెవరు చేస్తారు? చెరువు సంగతి మాత్రం తెలియదు. అది చదివి కాగితం బల్ల మీద పెట్టేసి కిందికి వెళ్ళి, సాయంత్రం దాకా కాజాలు కుట్టాను. పిన్ని రెండుసార్లు పిలిచిందట, వినపడలేదు.

తెలిసీ ఎందుకు ఊరుకున్నావు అంటావా? నేను చెబితే చాడీ అవుతుంది, అదే నువ్వు చెబితే నిజం చెప్పినట్టవుతుంది అనుకున్నాను. ఇదేదో నా మంచితనం అనుకోకు. ఒట్టి మొండితనం. నువ్వు ఎన్నాళ్ళు చెప్పకుండా ఉండగలవో చూడాలనుకున్నాను. "యంత్రానికి పిచ్చెక్కింది" అని రాసినప్పుడు నవ్వొచ్చింది. చప్పట్లు కొట్టారని రాసినప్పుడు మాత్రం రాలేదు. రాజీనామా పంపనా అని అడిగింది కూడా పంపడానికి కాదు. నువ్వేమంటావో చూడడానికి.

నా తప్పూ ఉంది. టోకెన్ తెరిచి పెట్టి పోయాను. ఏం పని అని అడక్కుండా బస్సు గోలలో కానిచ్చెయ్ అన్నాను. ఆ మాట నేనెవరికీ చెప్పలేదు. అక్కడ నేనూ నీలాగే నోరు మూసుకున్నాను.

ఇప్పుడు పాప సంగతి. నన్ను ఇంటికి వెళ్ళమన్న మర్నాడే నేను ఆసుపత్రికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు, కాళ్ళు తీసుకెళ్ళాయి. పిల్లల వార్డులో కిటికీ పక్క మంచం. పాప పడుకుని ఉంది. చేతికి సూది గుచ్చి పైన దూది అంటించారు. వాళ్ళమ్మ మంచం అంచున కూర్చుని పాప పాదం పట్టుకుని ఉంది. ఎవరండీ అంది. ఫలానా ఆఫీసు, సరైన లేబులు ఆలస్యం కావడానికి కారణమైన కమిట్లు నా పేరు మీద ఉన్నాయండీ, క్షమించమని అడగడానికొచ్చాను అన్నాను.

"మీ పేరా?" అంది.

"అవునండీ."

"చదువుకున్నారు కదా?"

సంచి ఇంకో చేతికి మార్చుకున్నాను.

"పసిపిల్ల నోట్లో పోసే మందండీ అది. నా చేత్తో పోశాను. సీసా మీద రాసుంది కదా అని కొలిచి మరీ పోశాను. నా బిడ్డకి నా చేత్తోనే పోయించారు మీరు. ఇంటికెళ్ళి అన్నం ఎలా తింటున్నారు?"

ఇంకా చాలా అంది. అవన్నీ రాయను. పక్క మంచాల వాళ్ళు తిరిగి చూస్తున్నారు. ఒక నర్సు వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. నేను కాదండీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ క్షణంలో అది అంటే తప్పించుకుంటున్నట్టు ఉంటుంది. తల వంచుకుని విన్నాను. నీ బదులు నిలబడి విన్నానే పిచ్చుకా. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంటే, చెయ్యని పనికి నా చెవులు ఎంత కాలిపోయాయో చెప్పలేను. పాపని ఇంటికి పంపారన్నది తర్వాత ఆసుపత్రికి ఫోన్ చేసి, ఆ నర్సునే అడిగి తెలుసుకున్నాను.

ఏమన్నా అను అన్నావు. అనడానికేమీ లేదు. ఇది నాకు రాస్తే సరిపోతుందనుకోకు. నాకెప్పుడో తెలుసు. ఎవరికి తెలియదో వాళ్ళకి చెప్పు.

పొడుగు


అద్దె గది,
సెప్టెంబరు

పొడుగూ,

చెప్పాను. అందరికీ.

నీ ఉత్తరం అందిన పొద్దున్నే కళ్ళజోడు గదికి వెళ్ళాను. "రా అమ్మా, కొత్త మెషిన్ల గురించేనా?" అన్నాడు. "పాతవాటి గురించండీ" అన్నాను. నిలబడే చెప్పాను, కూర్చుంటే మధ్యలో ఏడుస్తానని. నీ కుర్చీ, నీ టోకెన్, గుర్తు తీసెయ్యడం, సరిచూశానని నొక్కడం, చెరువు, పడవ. అంతా. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఇన్నేళ్ళలో ఆయన్ని అది లేకుండా చూడలేదు. వయసు మీద పడినవాడిలా కనిపించాడు.

"సెలవులయ్యాక మనమందరం కలిసి కారణం వెతికాం. గుర్తుందా?"

"గుర్తుందండీ."

"నువ్వూ మాతో పాటు వెతికావు."

"అవునండీ."

"తప్పు ఎవరైనా చేస్తారమ్మా. నేను తొందరపెట్టాను, అదీ ఉంది. కానీ ఆ అమ్మాయి ఇంట్లో కూర్చుంటే నువ్వు రోజూ నాకు గుడ్ మార్నింగ్ చెబుతూనే ఉన్నావు."

మధ్యాహ్నం అందరినీ పిలిచి, నీ నోటితోనే చెప్పమన్నాడు. చప్పట్లు కొట్టిన గదిలోనే, అదే కుర్చీలు, వాళ్ళే మనుషులు. లేబుళ్ళ టీం ఆవిడ, ఆ దిద్దుబాటు రాసినావిడ, మధ్యలో లేచి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు లాప్‌టాపులు మూసుకుని ఒక్కొక్కరే బయటికి నడిచారు. తిట్టినా బాగుండేది. కాఫీ మెషిన్ దగ్గరికి వెళితే పక్కకి జరిగి దారి ఇచ్చారు, ఆఫీసుకి వచ్చిన బయటివాళ్ళకి ఇచ్చినట్టు.

ఈ నెలాఖరుకి నన్ను వెళ్ళిపొమ్మన్నారు. నీకు కాగితం వస్తుంది, వచ్చే ఉంటుంది. నీ పేరు మీద ఏ మచ్చా లేదని రాసి ఇమ్మని అడిగాను. "అది నువ్వు అడగాలా?" అన్నాడు.

తర్వాత ఆ తల్లి ఇంటికి వెళ్ళాను. చిరునామా ఆసుపత్రిలో ఇవ్వరు కదా, మందుల విభాగం ఆమె ముందు ఆ తల్లినే అడిగి, ఆవిడ రమ్మన్నాక చెప్పింది. మెట్లెక్కి వెళితే తలుపు తెరిచే ఉంది. ఉతికిన బట్టలు మడతపెడుతోంది. చెప్పాను. గుమ్మం బయటే నిలబడి చెప్పాను. ఈసారి గడగడా వాగలేదు. నీ పిచ్చుకకి మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది.

అంతా విని, "మరి ఆసుపత్రికొచ్చినామె? పొడుగ్గా ఉంటుంది, ఆమె?" అంది.

"ఆమె ఏమీ చెయ్యలేదండీ. ఆమె పేరు మీద చేసింది నేను."

"కాదనలేదే! ఒక్క మాట కూడా అనలేదే!"

"అవునండీ."

చేతిలో ఉన్న గౌను మడత ఊడిపోయింది. "ఎన్నెన్ని మాటలన్నాను ఆమెని! పక్కవాళ్ళంతా వింటున్నారని కూడా చూడలేదు." గౌనుని మళ్ళీ మడిచి దొంతర మీద పెట్టింది. తర్వాత నా వైపు తిరిగి, చాలా నెమ్మదిగా అంది, "నేనన్న మాటలన్నీ మీవి. ఆమెవి కావు. మీ వాటిని మీరు తీసుకెళ్ళండి. ఆమెని మాత్రం ఒకసారి మా ఇంటికి రమ్మనండి."

లోపలికి రమ్మని నన్ను అనలేదు. అనాలని నేనూ అనుకోలేదు. పాప ఎక్కడినుంచో తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి నా చెప్పు పట్టీ పట్టుకుని లాగింది. వాళ్ళమ్మ వచ్చి ఎత్తుకుంది. ఆ పిల్ల నన్ను చూసి నవ్విందే పొడుగూ. గోడ పట్టుకుని మెట్లు దిగాను.

క్షమించమని అడగను. నేనైతే క్షమించను. ఆమె మాట నీకు చేరాలని రాశాను.

పిచ్చుక


ఆఫీసు, కిటికీ పక్క బల్ల,
నవంబరు

పిచ్చుకా,

మళ్ళీ పనిలో చేరాను. ఆలస్యంగా రాస్తున్నందుకు కారణాలేమీ చెప్పను.

మొదటి రోజు అందరూ మరీ మర్యాదగా ఉన్నారు. కళ్ళజోడు నా బల్ల దాకా వచ్చి, ఏదో చెప్పబోయి, కిటికీ తలుపు బిగుసుకుందా అని అడిగి వెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ వచ్చి, నిన్ను ఒక్క మాట గట్టిగా అడగకుండా ఇంటికి పంపడం నా తప్పమ్మా అన్నాడు. బస్టాండు నుంచి నేను కానిచ్చెయ్ అన్న సంగతి అప్పుడు చెప్పాను. విని తలూపాడు.

ఆ తల్లి ఇంటికి వెళ్ళాను. లోపల కూర్చోబెట్టింది. ఆవిడా నేనూ ఎక్కువ మాట్లాడుకోలేదు. పాప నా ఒళ్ళో నిద్రపోయింది, లేపడం ఇష్టంలేక చీకటి పడేదాకా కూర్చున్నాను.

నీ మీద కోపం పోతుందేమోనని చూశాను. పోలేదు. నువ్వు ఆ గుమ్మం ముందు నిలబడ్డావని చదివాక కూడా పోలేదు. అయితే ఒకటి పోయింది. తప్పు నాది కాదని తెలిసి కూడా ఇన్నాళ్ళూ నేను దొంగలా తిరిగాను. పిన్ని దుకాణంలోకి ఎవరైనా వస్తే మేడ మీదికి వెళ్ళిపోయేదాన్ని. పక్కింటి వాళ్ళు పలకరిస్తే వేరే వైపు చూసేదాన్ని. ఆ సిగ్గు నాది కాదని ఇప్పుడు ఒంటికి తెలుస్తోంది. నీది నీ దగ్గరికి వచ్చేసింది కాబట్టి నీకెలా ఉంటుందో ఊహించగలను. దాన్ని కొన్నాళ్ళు మోసినదాన్ని కదా.

అసలు ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, నిన్న ఒక ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. నువ్వు వాళ్ళ దగ్గర ఉద్యోగానికి వెళ్ళావట. పాత ఆఫీసులో నీ గురించి ఎవరిని అడగాలంటే నా పేరు ఇచ్చావట. ఎంత ధైర్యమే నీకు అనుకున్నాను. తర్వాత అనిపించింది, ఇంకెవరి పేరు ఇచ్చినా సగమే తెలిసేదని.

ఫోన్ చేసినావిడ అడిగింది, "ఆమె పని ఎలా ఉంటుంది?" అని. చాలా బాగుంటుందన్నాను. "మనిషి?" అంది. మొత్తం చెప్పాను. ఏదీ తగ్గించలేదు, చెరువు కూడా. "ఇవన్నీ ఆమె కూడా మాకు చెప్పింది. మీరూ ఇదే చెబుతారేమో చూద్దామని అడిగాను" అంది. తర్వాత, "మీరైతే ఆమెతో మళ్ళీ పనిచేస్తారా?" అంది.

ఫోను చెవి దగ్గర పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. కింద వీధిలో ఎవరో కారుని వెనక్కి తీస్తున్నారు. ఇంకొకరు చేత్తో రా, రా, ఆపు అంటున్నారు.

"చేస్తాను. ఆమె రాసిన ప్రతి లైనూ చదివాకే సరే అంటాను" అన్నాను.

ఆవిడ నవ్వింది. నేను హాస్యానికి అనలేదు.

ఉద్యోగం వచ్చిందో లేదో రాయి.

పొడుగు